చీమలు పట్టిన నూలు

మా శ్రావణి ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే నేను నీళ్లు నమిలేవాణ్ని. కర్నూలులో ఒక ల్యాబు. అక్కడ బూజు పెంచుతుంది. ఆ బూజు నుంచి ఎంజైము అనే రసం తీసి, దాంతో పత్తికట్టెను చక్కెరగా మారుస్తుందట. ఇంట్లో రొట్టె మీద బూజు కనిపిస్తే వాళ్లమ్మ గురమ్మ ఇల్లు పీకి పందిరేస్తుంది. కూతురేమో అదే బూజుకు జీతం తీసుకుంటోంది.

ఆ జీతం కూడా ఎన్నాళ్లో తెలియదు. ఏడాది గడిచినా పత్తికట్టె కట్టెగానే ఉంది. సోమవారానికి ఏదో ఒక ఫలితం చూపకపోతే ఆ పని ఆపేస్తామని వాళ్ల పెద్దసారు జయకుమార్ తేల్చేశాడు. శనివారం పిల్ల ఒక సీసా పట్టుకొని కడప బస్సు దిగింది.

"కొత్త రసం నాయనా. ఇంతే ఉండాది. రేపు ల్యాబుకు సెలవు గదా, ఈడనే కట్టెపొడి మీద పరీక్ష చేస్తా," అని దాన్ని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టింది.

మా నేత ఇంట్లో ఒక అలవాటుంది. నూలుకు గంజి పట్టించేటప్పుడు పాత గంజి కాస్త కలుపుతాం, పాలకు తోడు వేసినట్టు. ఆ సాయంత్రం గురమ్మ ఫ్రిజ్ తెరిస్తే తెల్లగా, పుల్లటి వాసనతో సీసా కనిపించింది. గోరువెచ్చటి గంజిలో మొత్తం వంచేసి, నూలు లడులు, అంటే పోగుల చుట్టలు, ముంచి, పొయ్యి పక్కన పెట్టింది. రెండో కుండకు చాలలేదని గొణుక్కుంది కూడా.

తెల్లవారి ఆ లడులను దండెం మీద వేశాను. బిర్రుగా ఎండాల్సిన నూలు తడిసిన కోడిలా వేలాడింది. కాసేపటికి చీమలు బారు కట్టాయి. నాలుకకు తగిలించి చూశాను.

"ఏమే, గంజిలో బెల్లమేసినావా?"

"నాకేం పిచ్చా? ఫ్రిజ్‌లో పాతగంజి ఉంటే కలిపినా."

శ్రావణి పరుగున వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఏడుస్తావేంది? చక్కెరైంది గదా! రేపు మీ సారుకు ఈ లడి నాకించు."

"గంజిని తియ్యగా చేసేది మన ఎంగిలి కూడా చేస్తాది నాయనా. అది లెక్కలోకి రాదు. కట్టెలో ఉండే నార కరగాల."

ముక్కు తుడుచుకుంటూ దండెం వైపు చూసి ఆగిపోయింది. పత్తినూలు అంటే దాదాపు ఒట్టి ఆ నారేనట. రసానికి నిజంగా పళ్లుంటే నూలును కూడా కొరికి ఉండాలి. కొరికితే పోగులో బలం ఉండదు.

ముందు ఆ రసం పడని రెండో కుండలోని లడి తెచ్చి, నాలుగు పోగులు కలిపి లాగాను. నా వేలు కోసుకుందే గానీ నూలు తెగలేదు. వేరే రోజైతే మీసం తిప్పేవాణ్ని.

తర్వాత తియ్యటి లడిలోంచి నాలుగు పోగులు తీశాను. గురమ్మ చౌడేశ్వరమ్మకు టెంకాయ మొక్కుకుంది. నూలు నిలవాలనో తెగాలనో మాత్రం చెప్పలేదు. నలభై ఏళ్లుగా పోగు తెగిన ప్రతిసారీ దాన్ని బూతులు తిట్టి ముడేసినవాణ్ని నేను.

"తెగవే తల్లీ," అన్నాను.

లాగీ లాగకముందే తెగింది. ఇంకో నాలుగు తీశాను. అవీ తెగాయి. శ్రావణి అరిచిన అరుపుకు పక్కింట్లో మగ్గం ఆగింది. ఓబుళేశు గోడ మీదుగా తొంగి చూశాడు.

"ఏమప్పా గురుస్వామీ, నూలు పాడైందా? ఎన్ని చీరలది?"

"ఆరు చీరలదప్పా!" అన్నాను, పెళ్లికి పిలిచినట్టు. "ఒక్క పోగు కూడా నిలవల్యా!"