దానమ్మకి దగ్గు

రేపల్లె బస్టాండు వెనక లూకా మోటారు రిపేరు షెడ్డు. పొద్దున్నే తలుపు తీసి, బల్ల తుడుచుకుని టీ కోసం కేకేస్తాడు. ఆ రోజు టీ రాకముందే చేపలు పట్టే సింగయ్య దిగాడు, నిజాంపట్నం బస్సులోంచి. భుజాన గోనెసంచి, అందులో పడవ మోటారు.

"ఏంటన్నా, మళ్లీ ఆగిపోతోందా?"

"ఆగితే ఆగింది. మా దానమ్మకి దగ్గు పట్టిందిరా."

దానమ్మ సింగయ్య పెళ్లాం. పోయి రెండేళ్లయింది. మోటారు స్లోలో నడిచేటప్పుడు అందులోంచి మాట్లాడుతుంది. కూరలో ఉప్పెంతో చెబుతుంది, చొక్కా ఉతకలేదని తిడుతుంది. రేవులో అందరికీ తెలిసిందే. స్పీడు పెంచితే మాత్రం మోతలో ఏమీ వినపడదు.

లూకా స్పార్కు ప్లగ్గు విప్పాడు. కొసంతా నల్లటి మసి, పైన తడితడిగా ఆయిలు.

"ఆయిలు ఎక్కువ కలుపుతున్నావా?"

"లేదు. నువ్వు చెప్పిన కొలతే."

"పోనీ, స్లోలో ఎంతసేపు పెడుతున్నావు?"

సింగయ్య తలొంచుకున్నాడు. "వల తీసినాక, పొద్దుగుంకేదాకా. ఇంటికెళ్తే ఎవరున్నార్రా?"

లూకాకి జాలేసింది. కోపమూ వచ్చింది.

"అదే అన్నా రోగం! స్లోలో ప్లగ్గు వేడెక్కదు, మసి కాలదు. వదినకి దగ్గు పట్టించింది నువ్వే. ఇలాగే చేశావంటే ఆ గొంతూ ఉండదు, సముద్రం మొగ దగ్గర అలల్లో మోటారు ఆగి నువ్వూ ఉండవు."

"నేనే పట్టించానా?" అన్నాడు సింగయ్య. పాపం, కళ్లు తుడుచుకున్నాడు.

లూకా వేసిన కొత్త ప్లగ్గుతో ఆ సాయంత్రం సింగయ్య మొగకి ఇవతల మోటారు స్లోలో పెట్టాడు. ఆహా, ఏం గొంతది! పెళ్లైన కొత్తలో గొంతు.

"గడ్డం గీసుకోకూడదూ మావా? ఎలుగుబంటిలా ఉన్నావు."

సింగయ్య పడీపడీ నవ్వాడు. ఇంకో మాట, ఇంకో మాట అనుకుంటూ కూర్చుండిపోయాడు. చీకటి పడుతుండగా చిన్నగా దగ్గు వినిపించింది.

"దానమ్మా!"

"ఏం లేదు మావా. ఇంకాసేపుండు. నిన్న ఆ చేపలు..."

ఆమె చెబుతూనే ఉంది. సింగయ్య స్పీడు పిడి పూర్తిగా తిప్పేశాడు. ఒడ్డుదాకా ఏడుస్తూనే వచ్చాడు.

ఆ కార్తీకంలో గాలివాన లేచింది. మొగ దగ్గర రెండు పడవలు తిరగబడ్డాయి. సింగయ్య మోటారు ఒక్కసారీ తడబడలేదు. బతికి బయటపడ్డాడు.

ఇప్పుడు ఒడ్డు దగ్గర కూడా స్లో చెయ్యడు. అదే వేగంతో ఇసకలోకి ఎక్కించి, టక్కున ఆపేస్తాడు.

"పడవ అడుగు పోతుంది మావయ్యా! నెమ్మదిగా రావచ్చుగా!" అని రేవులో పోతురాజు అరుస్తాడు.

"నెమ్మదిగా వస్తే పిలుస్తుందిరా" అంటాడు సింగయ్య.