నీడ పడితే ఆగే బండి

పొద్దున ప్రార్థన అయినప్పటి నుంచి రెబెకా ఆ బండిని రెండు చేతులతో పట్టుకుని నిలబడే ఉంది. పటేలు వచ్చేదాకా అది నేల తాకడానికి వీల్లేదని సైన్సు సారు శ్రీశైలం గట్టిగా చెప్పాడు. మూరెడు పొడవున్న అట్టబండి అది, ఏమంత బరువు కాదు. కానీ ఎంత తేలికదైనా పూట మొత్తం మోస్తే భుజాలు లాగేస్తాయి. పైన ఎండ, కింద కాలుతున్న మట్టి. కాలు మార్చి కాలు మీద నిలబడుతోంది పిల్ల.

ఎండతో నడిచే ఆ బండిని తొమ్మిదో తరగతి రెబెకా, అదే తరగతి శ్రవణ్ కలిసి చేశారని సారు బోర్డు మీద రాశాడు. కలిసి అనడం మర్యాదకే. కొత్తకోటలో రేడియోలు బాగుచేసే దుకాణం చుట్టూ తిరిగి పాత టేపురికార్డరు మోటరు అడిగి తెచ్చింది రెబెకా. తెగిన హవాయి చెప్పులు గుండ్రంగా కోసి చక్రాలు చేసింది రెబెకా. సైకిలు పుల్లలు బండకేసి రుద్ది ఇరుసులు చేసిందీ ఆమే. శ్రవణ్ తండ్రి బుచ్చారెడ్డి పటేలు మాత్రం ఎండకు కరెంటు పుట్టించే ప్లేటు ఒకటి హైదరాబాదు నుంచి తెప్పించాడు. అరచేతి కంటే కాస్త పెద్దది. అది వచ్చిన రోజు నుంచి బడిలో అందరూ దాన్ని పటేలు బండి అనడం మొదలుపెట్టారు. శ్రవణ్ చెడ్డవాడేం కాదు. తీగ పట్టుకోమంటే పట్టుకునేవాడు, వద్దంటే వదిలేసేవాడు.

మహబూబ్‌నగర్‌లో జిల్లా సైన్సు ప్రదర్శనకు ఈ బడి నుంచి ఇద్దరే పోవాలి. అక్కడికి పోయొచ్చిన పిల్లకు వనపర్తి హాస్టలులో సీటు ఇప్పించే పూచీ తనదని శ్రీశైలం సారు మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే రెబెకా ఇన్నాళ్లూ బతికింది. తల్లి పుష్పమ్మ ఏటా గుంపుతో కలిసి షోలాపూర్ దిక్కు కాలువ పనికి పోతుంది. అప్పుడు పిల్లను చూసుకోవడానికి అవ్వ ఉండేది. మొన్న క్రిస్మస్‌కు ముందు అవ్వ పోయింది. ఇక మిగిలినవి రెండే దారులు, హాస్టలు లేదా లారీ. లారీ ఆదివారం కదులుతుంది. ఆ లారీ కూడా బుచ్చారెడ్డిదే. ఊళ్లో మనుషులను పనులకు తోలేది ఆయనే, బడి కమిటీకి పెద్ద కూడా ఆయనే. పిల్లలు చదువుకోవాలని పంద్రాగస్టుకు ఉపన్యాసం చెప్పేదీ ఆయనే.

మధ్యాహ్నం పుష్పమ్మ గేటు దగ్గరికి వచ్చింది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, మోకాళ్ల దాకా మట్టి.

"పేరు రాసిండ్రా బిడ్డా?"

"ఇంక లే అమ్మా. పటేలు రావాల్నంట."

"లారీ మేస్త్రి తలలు లెక్కవెడుతుండు. నీ పేరు గూడ ఎక్కియ్యాల్నా, వద్దా అని అడుగుతుండు. నేనేం జెప్పాలె?"

"జర ఆగుమను. పొద్దుగూకే వరకు ఆగుమను."

కూతురి చేతులు ఖాళీ లేవు. పుష్పమ్మ కొంగుముడి విప్పి, జొన్నరొట్టె తుంచి, గేటు ఊచల మధ్య నుంచి ఆ నోటికి అందించింది. పిల్ల బండి వైపు చూస్తూనే నమిలింది. ఆ కళ్లలో ఆశ చూసి తల్లికి భయమేసింది. ఆశ పెట్టుకున్న పిల్లను లారీ ఎక్కించడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు. తనను కూడా ఒకప్పుడు అట్లాగే ఎక్కించారు.

తల్లి పోయాక రెబెకా సారు దగ్గరికి నడిచింది.

"సార్, ఇప్పుడే ఇడుద్దాం సార్. పొద్దు వాలితే నీడలు పొడుగైతయి. ఎవ్వరు దగ్గరికొచ్చినా ప్లేటు మీద పడ్తయి."

సారుకు ఆ సంగతి తెలియక కాదు. నిన్న సాయంత్రం ఆయనే దగ్గరికి వచ్చి వంగి చూస్తే బండి టక్కున ఆగింది. "ఓయబ్బ, నేనే గ్రహణమైపోతి" అని ఆయనే నవ్వాడు. ఇవాళ మాత్రం నవ్వలేదు.

"పటేలు రాకముందు నడిపిస్తే నా కొలువు ఉంటదా? నిలవడు పోయి."

పటేలు వచ్చేసరికి నాలుగు దాటింది. సుమో దిగాడు. తెల్లచొక్కా, నుదుట కుంకుమ. వెనకాలే కొబ్బరికాయ, నిమ్మకాయలు, బంతిపూల దండ ఉన్న పళ్లెం వచ్చింది. కొత్త లారీ కొన్నా, ట్రాక్టరు కొన్నా పూజ చేయకుండా కదిలించని ఇల్లు అది. అట్టబండి మీద మాత్రం ఆ భక్తి ఎందుకు తగ్గాలి?

"పిల్లా, బండి ఆడ పెట్టి ఎనకకు జరుగు" అన్నాడు.

బండి నడవాల్సిన దారి పొడుగునా సున్నంతో గీసిన గీత మీద రెబెకా బండి పెట్టింది. ఆమె నాలుగడుగులు వెనక్కి వేయగానే పటేలు చెంబులో వేళ్లు ముంచి, ఆమె చేతుల్లోంచి దిగిన బండి మీద నీళ్లు చల్లాడు. ఆ నీళ్లు ఎందుకో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. హెడ్మాస్టరు ఆకాశం కేసి చూశాడు. హిందీ సారు చప్పట్లు కొట్టమని పిల్లలకు సైగ చేశాడు.

తరువాత ప్లేటు మీద పసుపు అడ్డంగా పూశారు. మధ్యలో బొట్టు పెట్టారు. పైన పూలదండ వేశారు. ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టారు. ఒక్కో నిమ్మకాయ ఆ చక్రమంత ఉంది.

"సార్, ప్లేటు మీద పసుపు పెడితే ఎండ తగలదు సార్" అని రెబెకా గొణిగింది. సారు పళ్ల బిగువున "ఊరుకో" అన్నాడు.

శ్రవణ్ బటను నొక్కాడు. బండి గుర్రుమంది. నిమ్మకాయను ఒకసారి కుమ్మి, వెనక్కి జారి, అక్కడే వణుకుతూ నిలబడింది. లారీ టైరు కింద చితికే కాయ దీనికి గుట్టంత అడ్డమైంది. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. పటేలు ముఖం ఎర్రబడింది.

"ఏంది సారూ, బండి నడ్వదేంది?"

శ్రీశైలం రెబెకా వైపు చూశాడు. అంతే, ఆమె పడమటి దిక్కు నుంచి పరుగెత్తి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. నిమ్మకాయలు తీసింది. దండ తీసింది. కానీ వంగిన పిల్ల నీడ నిలువునా ప్లేటు మీద పడింది. వణుకుతున్న మోటరు కాస్తా ఆగిపోయింది.

బుచ్చారెడ్డికి ఒడ్డు దొరికింది.

"సూస్తిరా? పిల్ల నీడ పడంగనే మోటరు సచ్చె!"

ముందు పటేలు నవ్వాడు. తరువాత ఆయన వెంట వచ్చినవాళ్లు నవ్వారు. ఆ తరువాత పిల్లలు నవ్వారు, ఎందుకో తెలియకపోయినా నవ్వారు. రెబెకా లేచి నిలబడింది. చెవులు వేడెక్కాయి. సారు చెప్తాడు, నిన్నటి సంగతి ఇప్పుడు చెప్తాడు అని ఆయన ముఖంలోకే చూసింది.

శ్రవణ్ నోరు తెరిచాడు. "నానా, ఎవ్వరి నీడ పడ్డా..."

"నోర్మూసుకో! ఏం సారూ, నేను జెప్పేది తప్పా?"

సైన్సు చదివి, సైన్సు చెప్పి, సైన్సు మీద జీతం తీసుకుంటున్న శ్రీశైలం సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తప్పేముంది పటేలా."

"మరింక! రేపు మహబూబ్‌నగర్ల కలెక్టరు ముంగట గిట్ల నిలవడితే ఊరి ఇజ్జత్ ఏంగావాలె? ప్లేటు నాది, పేర్లు నేను జెప్త. శ్రవణ్ పోతడు. సర్పంచు బిడ్డ కావ్య పోతది. రాసుకో."

సారు రాసుకున్నాడు.

"మరి ఆ పిల్ల..." అని హిందీ సారు నసిగాడు. ఆయనకూ ఎక్కడో ఒక మూల పిసరంత సిగ్గు మిగిలినట్టుంది.

"ఆ పిల్లకేం పరేషాన్? నా లారీల జాగ ఉంది" అన్నాడు పటేలు, ఎంతో ఉదారంగా.

రెబెకా వెనక్కి వచ్చి గోడ దగ్గర నిలబడింది. పొద్దుగూకే వరకు ఆగుమని తల్లితో తానే చెప్పింది. పొద్దు ఇంకా ఉంది గానీ ఇక ఆగడానికి ఏమీ లేదు.

అవతల శ్రవణ్ తన రుమాలుతో ప్లేటు మీది పసుపు తుడిచాడు. అతడు తుడిస్తే ఎవరికీ తప్పనిపించలేదు. పటేలు వెంట వచ్చిన పేపరు వాడు కెమెరా సర్దుకున్నాడు. పటేలు గీతకు తూర్పున, ఫోటోలో బాగా పడే చోట నిలబడ్డాడు. బండిని మళ్లీ వదిలారు. ఈసారి అది ఎంత ముద్దుగా కదిలిందని! చెప్పు చక్రాలు మట్టి మీద మెత్తగా దొర్లుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. అది తన బండి. తను అన్నం మాని, నిద్ర మాని చేసిన బండి. రెబెకాకు ఒక్క క్షణం సంతోషమే కలిగింది. ఆ వెంటనే దాని పక్కన ఫోటోకు నవ్వుతూ నిలబడ్డ పటేలు కనిపించాడు.

ఆమె నడిచింది. పరుగెత్తలేదు. గీతకు పడమటి పక్క, పొద్దుకు వీపు చేసి నిలబడింది. గీతను దాటి అవతలికి పడింది ఆమె నీడ. దొర్లుకుంటూ వచ్చిన బండి ఆ నీడలోకి వచ్చి ఆగిపోయింది.

"ఏయ్, జరుగు!" అన్నాడు పటేలు.

"జరుగ."

"ఏందీ?"

"జరుగ పటేలా. మీరొచ్చి ఈడ నిలవడుండ్రి. మీ నీడకు గూడ ఆగుతది. నిన్న మా సారు నీడకు ఆగింది. అడుగుండ్రి."

సారు పేర్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పటేలు ఒకడుగు ముందుకు వేసి నిలిచిపోయాడు. చేయి పట్టుకుని లాగేస్తే తీరిపోయే పని, కానీ చేయి పట్టుకోవాలి. పూజ చేసిన చేతులు.

"ఇస్రాయేలూ!" అని అటెండరును కేకేశాడు. "మీ వాడకట్టు పిల్లనే గద, గుంజి అవతల పారెయ్!"

ఇస్రాయేలు వచ్చాడు. రెబెకాను చిన్నప్పుడు భుజాన మోసి చర్చికి తీసుకుపోయినవాడే. ఇప్పుడు అదే చేత్తో ఆమె రెక్క పట్టుకున్నాడు.

"బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. జర జరుగు. నా కొలువు వోతది."

"నువ్వు గుంజు మామా, నేను నిన్నేమన. నా అంతట నేనైతే జరుగ."

అతడి పట్టు బిగిసింది. ఆమె మడమలు మట్టిలోకి దిగాయి. గేటు అవతల, మళ్లీ వచ్చిన పుష్పమ్మను లారీ మేస్త్రి ఏదో అడుగుతున్నాడు. ఆమె అతడి వైపు తిరగకుండా, ఊచలు పట్టుకుని ఇటే చూస్తోంది.

పొద్దు వాలుతోంది. రెబెకా నీడ బండిని దాటి, గీతను దాటి, మట్టి మీద పాకుతూ పటేలు చెప్పుల దగ్గరికి వచ్చింది. ఆయన కిందికి చూసుకుని, గబుక్కున ఒకడుగు వెనక్కి వేశాడు.