బొమ్మలో లేని సీను

మునిగుడ రైల్వే క్వార్టర్ల వరసలో ఎవరూ సినిమాకి వెళ్లాల్సిన పని ఉండేది కాదు. సిగ్నల్ ఫిట్టర్ ఢిల్లీశ్వరరావు చూసి వస్తే చాలు. పదిహేను రోజులకోసారి ఆదివారం పొద్దున్న పాసింజరులో రాయగడ వెళ్లి, మ్యాట్నీ చూసి, సాయంత్రం బండికి తిరిగొచ్చేవాడు. సోమవారం డ్యూటీ దిగి, స్నానం చేసి, తెల్ల బనీనుతో వరండాలో కుర్చీ వేసుకునేసరికి మిగతా ఎనిమిది ఇళ్లవాళ్లూ చాపలు చంకన పెట్టుకుని వచ్చేసేవారు. డెబ్బై రెండో సంవత్సరంలో ఆ ఊళ్లో అంతకు మించిన కాలక్షేపం లేదు.

ముందు తీర్పు, తర్వాత కథ. అదీ అతని పద్ధతి. "పాటలు బాగున్నాయి. ఫైటింగు బాలేదు, కొట్టినోడొక పక్క, పడినోడొక పక్క. తల్లి ఏషం కట్టినావిడ మాత్రం ఏడిపించి పారేసింది" అని తేల్చేసి అప్పుడు మొదలుపెట్టేవాడు. జమీందారుకి ఒక గొంతు, జమీందారు గుర్రానికి ఒక గొంతు. నిజం చెప్పొద్దూ, గొప్పగా చెప్పేవాడు. టికెట్ కొనుక్కుని చూసినవాళ్లకు కూడా అంత కథ కనిపించి ఉండదు. కనిపించలేదు కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

అతని భార్య పైడితల్లి గుమ్మంలో కూర్చుని వినేది. గుణుపురం దగ్గర పల్లెలో రైతుల పిల్ల. పెళ్లై ఏడేళ్లయినా మొగుడు ఒక్కసారి కూడా ఆమెను సినిమాకి తీసుకెళ్లలేదు. "నువ్వేటి సూస్తావు, నాను సెప్తాను గదా" అనేవాడు. సరేననుకునేది. కానీ అతని చొక్కాలు ఉతికేది ఆమే కదా. జేబులో సగం చింపిన టికెట్లు దొరికేవి. ఎప్పుడు దొరికినా రెండు. ఒంటరిగా వెళ్లే మనిషికి రెండు టికెట్లెందుకని అడగడానికి ఏడాదిగా ఆమెకు నోరు రాలేదు. అడిగితే ఏదో జవాబు చెప్తాడు, ఇక ఆ జవాబుతో కాపురం చెయ్యాలి.

కిందటి వానాకాలం స్టేషన్ మాస్టరు గణపతిరావుగారు వరండాలో కూర్చుని ఉన్నప్పుడు ఢిల్లీశ్వరరావు మాటల మధ్యలో అడిగాడు. "పెళ్లాం ఉండగా రెండో పెళ్లి చేసుకుంటే రైల్వేలో ఉజ్జోగం పోద్దా మాస్టారూ? ఏదో బొమ్మలో సూసేను, అందుకని."

"పోతుంది. ఆవిడ పోయాక అయితే నీ ఇష్టం" అన్నాడు మాస్టరు, టీ ఊదుకుంటూ. ఆయన నవ్వుతూనే అన్నాడు. పైడితల్లి గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అప్పట్నుంచి అతను చెప్పే సినిమాల్లో పెళ్లాలు చచ్చిపోవడం మొదలైంది.

మొదట అన్నదమ్ముల బొమ్మ. అందులో పెద్దవాడి భార్య ఏటి రేవులో రాయి మీంచి జారిపోయింది. "ఆ సీను మాత్రం బాగా తీసేడు. అరుపు నేదు, ఏటీ నేదు. నీళ్లు ఒకసారి కదిలేయి, మళ్లీ సర్దుకున్నాయి. అంతే" అన్నాడు ఢిల్లీశ్వరరావు. చాపల మీద ఆడవాళ్లు ముక్కులు చీదుకున్నారు. తర్వాత జమీందారు బొమ్మ. అందులో పెద్దపెళ్లాం వంతెన మీంచి ఏట్లో పడింది. ఆఖరికి కడుపుబ్బ నవ్వించే బొమ్మ అని మొదలుపెట్టిన దాంట్లో కూడా ఒకావిడ కాలవలో తేలింది. ముగ్గురికీ అదే జబ్బు. "కళ్లు తిరిగి పడిపోనాది. ఎవురి తప్పూ కాదు" అని చెప్పి, కాసేపు ఆగి, గుమ్మం వైపు చూసేవాడు. ఆ చూపు పైడితల్లి మీద పడేది కాదు, ఆమె వెనకాల గోడ మీద పడేది.

ఈ సినిమాలు తీసేవాళ్లకు ఆడదాన్ని చంపకపోతే పొద్దుపోదు కాబోలు అనుకుందామె.

వరసలో చివరి ఇల్లు కస్తూరిది. పోర్టరు పెళ్లాం, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. ఆ పిల్ల నోట్లో నువ్వు గింజ నానదు. పుట్టింటికని పార్వతీపురం వెళ్లి పది రోజులుండి వచ్చింది. వచ్చిన రోజే నూతి దగ్గర బిందె దించి మొదలుపెట్టింది.

"అక్కా, బావగారు సెప్పిన జమీందారు బొమ్మ నానూ సూసేసేను. పాటలు బాగున్నాయి. కథే బాలేదు. ఆ వంతెన సీను వస్తాది, వస్తాదని కళ్లు కాయలు కాసేయి గానీ, వస్తే ఒట్టు."

"వంతెన సీను రాలేదా?"

"వంతెనే నేదు. పెద్దపెళ్లాం శుభ్రంగా బతికే ఉంది. ఆఖర్న అందరితోపాటు నిలబడి దండం కూడా పెట్టింది."

"ఆపరేటరు రీలు కత్తిరించేసుంటాడు" అంది పైడితల్లి. ఆ మాట అంటున్నప్పుడే ఆమె చేతిలో చేంతాడు జారింది. "మరి అన్నదమ్ముల బొమ్మో?"

"అది మా అమ్మ సూసింది. అందులోనూ ఎవురూ సావనేదట. బావగారు రెండు బొమ్మలు కలిపి సెప్తన్నారేటి?" అని నవ్వింది కస్తూరి. పక్కనే బట్టలు ఉతుకుతున్న గురువమ్మ నవ్వలేదు. గురువమ్మ పట్టాలు బాగుచేయించే గ్యాంగ్‌మేట్ గంగయ్య భార్య, ఆ వరసలో అందరికీ పెద్దదిక్కు. ఆమె బట్ట పిండడం ఆపి పైడితల్లి వైపు చూసింది.

ఆ పూట పైడితల్లి అన్నం వార్చడం మర్చిపోయింది. అది ముద్దైపోయింది. మూడు సినిమాలు, ముగ్గురాడవాళ్లు, మూడు చోట్లా నీళ్లు. సినిమావాళ్లు తియ్యని సీను మొగుడు మూడుసార్లు చూశాడు. ఎక్కడ చూశాడు? ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి? మా ఆయన సినిమా కథ తప్పు చెప్పాడని ఏ పోలీసు దగ్గరకు వెళ్లినా కుర్చీలోంచి పడి మరీ నవ్వుతాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఇంట్లోనే తిరిగింది.

రెండు రోజుల తర్వాత గురువమ్మే వచ్చింది, చేతిలో మునగాకు పట్టుకుని.

"నీకు కళ్లు తిరుగుతున్నాయంట గదా అమ్మి? ఈ ఆకు ఒండుకు తిను."

"ఎవురు సెప్పేరు పిన్నీ?"

"మీ ఆయనే. నిన్న మా ఇంటికొచ్చి సెప్పేడు. నూతికాడ కాస్త సూస్తుండమన్నాడు. కస్తూరికీ సెప్పేడు, మాస్టరుగారికీ సెప్పేడు. పాపం, ఎంత బెంగ పెట్టుకున్నాడో."

మునగాకు పైడితల్లి ఒళ్లో పడింది. దాన్ని దూసుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది. "నాకు కళ్లు తిరగవు పిన్నీ. పుట్టి బుద్ధెరిగి ఒక్కసారీ తిరగనేదు."

గురువమ్మకు చదువు లేదు గానీ లెక్క కట్టడం వచ్చు. "బొమ్మల్లో ఆడోళ్లకి తిరిగేయి" అంది మెల్లగా. తర్వాత ఆ మాటే అననట్టు లేచి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం ఢిల్లీశ్వరరావు ఇంటికి మల్లెపూలు తెచ్చాడు. ఏడేళ్లలో అతను పూలు తేవడం అదే మొదలు. "పైడీ" అని పిలిచాడు. అలా పిలవడమూ అదే మొదలు. "ఎల్లుండి నిన్ను సినిమాకి తీసుకెల్తాను. ముందు మజ్జిగౌరమ్మ గుడి. గుడి అయ్యేక నాగావళి ఒడ్డున రాళ్ల మీంచి నీళ్లు సూద్దాం. బాగుంటాది, జనం ఉండరు. అక్కడ్నుంచి మ్యాట్నీ."

"అలాగే" అంది పైడితల్లి. పూలు తలలో పెట్టుకోకుండా దేవుడి పటానికి వేసేసింది.

వెళ్లనంటే మరో ఆదివారం ఉంటుంది. నూయి ఉంది, రైలు పట్టాలున్నాయి. ఊరంతా కళ్లు తిరిగే మనిషని ముందే నమ్మి కూర్చుంది. వెళ్తేనేమో రాళ్లు. ఆమె రాత్రంతా ఆలోచించి, తెల్లారాక కడిగిన ముఖంతో మొదటి గుమ్మం ఎక్కింది. "రేపు మా ఆయన ఆడోళ్లందర్నీ సినిమాకి రమ్మన్నారు. ఎన్నాళ్లని నాను సెప్తాను, ఒకసారి కళ్లారా సూడండి అన్నారు" అని చెప్పింది. రెండో ఇంట్లో అదే మాట. గురువమ్మ ఇంట్లో మాత్రం ఒక్క ముక్క ఎక్కువ చెప్పింది. "గుడి అయ్యేక నీళ్లు సూపిస్తానన్నాడు పిన్నీ. జనం ఉండరట."

"జనం ఎందుకుండరు? ఉంటాం" అంది గురువమ్మ.

ఆదివారం పొద్దున్న ప్లాట్‌ఫారం మీద ఢిల్లీశ్వరరావు ఇస్త్రీ చొక్కాతో నిలబడి, బండి వచ్చే వైపు చూస్తున్నాడు. వెనకనుంచి గాజుల చప్పుడు వినిపించి తిరిగాడు. ఎనిమిది మంది ఆడవాళ్లు, చేతుల్లో పులిహోర క్యారేజీలు, తలల నిండా కనకాంబరాలు. అతని ముఖంలో నెత్తురు ఒక్క క్షణం ఎటో పోయి మళ్లీ వచ్చింది. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు చూసి పైడితల్లికి తనదే పొరపాటేమోనన్న అనుమానం కూడా తీరిపోయింది.

రాయగడలో దిగి గుడిలో దణ్ణం పెట్టుకున్నారు. ఏటి ఒడ్డుకి వెళ్లారు. వానలు పడి నాగావళి ఎర్రగా, నిండుగా పారుతోంది. రాళ్ల మీద పాచి పట్టి ఉంది. ఢిల్లీశ్వరరావు అక్కడ ఒక రాయి మీద నిలబడి "పైడీ, ఇటు రా, ఇక్కడ్నుంచి బాగా కనిపిస్తాది" అన్నాడు. అన్నాడు, అంతమంది ముందూ అన్నాడు. పైడితల్లి కాలు కదపలేకపోయింది. గురువమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"అమ్మికి కళ్లు తిరుగుతాయన్నావు గదా బావూ. నువ్వే సెప్పి నువ్వే పిలుస్తున్నావేటి? నాను పట్టుకున్నాను, నాతో ఉంటాది."

హాల్లోనూ ఆ చెయ్యి వదలలేదు. తిరుగు బండి ఎక్కేదాకా వదలలేదు.

సినిమా ఏమంత గొప్పది కాదు. పెళ్లాం అలిగి పుట్టింటికి పోతే మొగుడు వెళ్లి బతిమాలి తెచ్చుకుంటాడు, అంతే కథ. తిరుగు బండిలో ఎవరి తీర్పు వాళ్లు చెప్పారు. ఆవు పాట బాగుందని ఒకరు, మామగారి గొడవ మరీ ఎక్కువైందని ఒకరు, ఆవిడ అంత తొందరగా తిరిగొచ్చేయకుండా ఉండాల్సిందని కస్తూరి. ఢిల్లీశ్వరరావు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం సాయంత్రం ఎప్పటిలాగే చాపలు పడ్డాయి. ఈసారి మగవాళ్లే ముందు కూర్చున్నారు, సినిమాకి వెళ్లనిది వాళ్లే కదా. మాస్టరుగారికి కుర్చీ వేశారు. ఢిల్లీశ్వరరావు తలనొప్పిగా ఉందన్నాడు.

"నాను సెప్తాను" అంది పైడితల్లి, గుమ్మంలోంచి లేచి వచ్చి. గొంతు మొదట పీలగా వచ్చింది. "పాటలు బాగున్నాయి. మామగారి గొడవ ఎక్కువ. మొగుడి ఏషం కట్టినాయన మాత్రం బాగా సేసేడు, మంచోడేమో అనిపిస్తాది."

కథ చెప్పింది. అలక దాకా ఉన్నదున్నట్టే చెప్పింది. ఏడేళ్లు విన్న మనిషి, ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు. అక్కడ ఆగి, మొగుడి వైపు చూసింది.

"అప్పుడు మొగుడు పెళ్లాన్ని ఏటి ఒడ్డుకి తీసుకెల్లేడు. నీళ్లు సూద్దాం రమ్మన్నాడు. దానికి కళ్లు తిరుగుతాయని ఊరంతా ముందే సెప్పుంచేడు. ఎందుకంటే ఆడికి రాయగడలో ఇంకొకర్తి ఉంది. పెళ్లాం ఉండగా రెండో పెళ్లి సేసుకుంటే ఆడి ఉజ్జోగం పోద్ది."

మాస్టరుగారి టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఆ సీను ఆ బొమ్మలో నేదు" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

పైడితల్లి ఆడవాళ్ల వైపు తిరిగింది. ఎనిమిది మంది ఆడవాళ్లలో ఒక్కరు అవును, ఆ సీను లేదంటే చాలు, తను పిచ్చిదైపోతుంది. కళ్లు తిరిగే పిచ్చిది.

"ఉంది బావూ. మేం సూసేం కదా" అంది గురువమ్మ.

"నానూ సూసేను" అంది కస్తూరి. ఆ పిల్ల నవ్వు ముఖం తెల్లబోయి ఉంది. ఆమెకు ఇప్పుడే తెలిసింది. "రాళ్లు కూడా సూసేను. పాచి పట్టున్నాయి."

"సూసేం" అన్నారు మిగతావాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, కొంగుల చాటునుంచి.

"ఆ పెళ్లానికి ఏటయినా అయితే మాస్టరుగారి కాడికెల్లి ఏటి సెప్పాలో ఆ ఈదిలో ఆడోళ్లందరికీ తెలుసు" అంది పైడితల్లి. "నూతికాడ జారినా అంతే, పట్టాల మీద పడినా అంతే. అదీ కథ."

గంగయ్యకు సినిమాలంటే ప్రాణం. పాపం అతనికి ఏమీ అర్థం కాలేదు. మోకాళ్ల మీద ముందుకు జరిగి అడిగాడు.

"మరి ఆ తర్వాత మొగుడేటయ్యేడు అమ్మీ?"

"ఆయన్నే అడుగు బాబాయ్."

అందరూ ఢిల్లీశ్వరరావు వైపు తిరిగారు. జమీందారుకి ఒక గొంతు, గుర్రానికి ఒక గొంతు ఉన్న మనిషి లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టబోయాడు. గంగయ్య మాత్రం ఊరుకోలేదు.

"సెప్పు బావూ. ఏటయ్యేడు?"