కొండవైపు అడ్డకమ్మీ

ధర్మేంద్రకు తాపీ పట్టడం నేర్పింది మునికృష్ణ మేస్త్రీయే. ఆ ధర్మేంద్రే ఇప్పుడు ఏదో సేఫ్టీ కోర్సు చదివొచ్చి, సేఫ్టీ వాళ్ళ ఆకుపచ్చ హెల్మెట్ పెట్టుకుని, "బెల్టు కొక్కెం తగిలించన్నా" అని మేస్త్రీకే చెబుతున్నాడు. ఏకు మేకవడమంటే ఇదే కాబోలు!

తిరుపతిలో వాళ్ళు కడుతున్నది పద్నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. పదో అంతస్తు అంచు నుంచి తిరుమల కొండ నిండుగా కనపడుతుంది. పొద్దున పని మొదలుపెట్టే ముందు అందరూ హెల్మెట్ తీసి, బెల్టు కొక్కెం విప్పి, ఆ అంచున నిలబడి కొండకు మొక్కాలి. ఆ ఆనవాయితీ పెట్టింది మునికృష్ణ. "కట్టేసిన గొడ్డు మాదిరి స్వామికి దండం పెడతారా?" అనేవాడు.

ధర్మేంద్ర మొక్కు మాన్పించలేదు. అంచున ఇనప పైపులతో అడ్డకమ్మీ కట్టించాడు. "ఇంక భయం లేదు, ఈడ నిలబడి మొక్కుకోండప్పా," అన్నాడు. కూలీలు మురిసిపోయారు. ఇరవై ఏళ్ళుగా తనకు తట్టనిది నిన్నటి పిల్లకాయకు తట్టేసరికి మునికృష్ణ కడుపు భగ్గుమంది.

ఒకరోజు సాయంత్రం అయిదింటికి మునికృష్ణ ఆ కమ్మీ మీద చేయి వేస్తే కదిలింది. పైపును బిగించే చివరి క్లాంపు వదులైంది. చెప్పబోయి నోరు మూసుకున్నాడు. తెల్లారితే పెద్ద ఇంజనీరు తనిఖీకి వస్తాడు. ఆయనే పట్టుకుని ఊపనీ, వీడి గొప్పంతా అక్కడే ఊడిపోనీ! అందరికంటే ముందు తానెక్కి, కూలీలను దగ్గరికి రానివ్వకపోతే సరిపోతుందనుకున్నాడు.

పొద్దున మెట్లెక్కి వచ్చేసరికి ధర్మేంద్ర అప్పటికే అక్కడున్నాడు. హెల్మెట్ తీశాడు, కొక్కెం విప్పాడు, కొండకు మొక్కి కమ్మీ మీదికి వాలబోయాడు.

"ఒరే ధర్మా, ఆనుకోవద్దురా!"

మేస్త్రీ ఉరికి, చొక్కా పట్టి వెనక్కి లాగాడు. పైపు జారి కిందికి పోయింది. స్వామి దయ, కింద ఎవరూ లేరు.

ధర్మేంద్ర సేఫ్టీ రిజిస్టరు తెరిచి, లోపం కనిపెట్టినవారు మునికృష్ణ మేస్త్రీ అని రాశాడు. "ఇంజనీరు సార్ ముందర నీ పేరే చదువుతానన్నా. నా ప్రాణం నిలబెట్టినావు."

ఇలాంటి మాట కోసమే మేస్త్రీ ఆర్నెల్లుగా కుళ్ళిపోయాడు. తీరా వచ్చాక దాన్ని తీసుకోలేకపోయాడు.

"టైము గూడా రాయాల. ఎప్పుడు సూసినావన్నా?"

"నిన్న సాయంత్రం అయిదింటికి."

పెన్ను ఆగింది.

"నీకు చెడ్డపేరు రావాలనుకుంటినిరా," అన్నాడు మునికృష్ణ. "నువ్వే పోతావనుకోలా."