సిరా పడని జాగా

"గా పేరు నాకు కనపడొద్దు మియా," అన్నాడు ఎస్సై, ప్రూఫు కాగితం మీద లాఠీ మొన ఆనించి. "మిగిలింది ఏమన్న కొట్టుకో."

హుజూర్‌నగర్‌లో నూరుద్దీన్ ప్రెస్సంటే ఒక రేకుల గది, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, సీసం అక్షరాల గూళ్లు. అంతే. 1986 ఎండాకాలం. మేళ్లచెరువు దగ్గర సున్నపురాయి క్వారీలో రాయి దొర్లి బీరన్న చచ్చిపోయాడు. ఆ పొద్దు అతను పనికే రాలేదని, రోడ్డు మీద లారీ గుద్దిందని కంపెనీ అంది. చంపిందీ వాళ్లే, లేడన్నదీ వాళ్లే! కళ్లతో చూసిన కూలీలు భయానికి నోరు మూసుకున్నారు. అందుకే అతని భార్య గోపమ్మ కరపత్రం వేయిస్తోంది. నడుమ పెద్ద అక్షరాల్లో ఒకటే లైను: బీరన్న క్వారీలోనే చచ్చిండు. ఆ పేరు అచ్చులో పడితే ఒక్కడన్నా సాక్ష్యానికి లేస్తాడని ఆమె ఆశ. సాయంత్రం షిఫ్టు దిగేవేళకు గేటు దగ్గర పంచాలి. పంచడానికి పైనుంచి అనుమతి ఉంది కాబట్టి ఎస్సై మొత్తం ఆపలేడు.

"లైను పీకితే కింద కట్టిందంత కూలుతది సార్," అన్నాడు నూరుద్దీన్. అది సగం నిజం. "మీద కాగితం కప్పుత. సిరా అంటదు."

"ఏమన్న కప్పుకో. ఐలేశం, నువ్వీడనే కూసో. ఒక్కదాని మీద పేరు కనపడ్డా తాళం ఏసి రా."

ఎస్సై వెళ్లాడు. కానిస్టేబుల్ ఐలేశం స్టూలు లాక్కున్నాడు.

కాగితాన్ని పట్టుకునే ఇనుప వేళ్ల మధ్య నూరుద్దీన్ ఖాకీ కాగితం ముక్క అంటించి ట్రెడిల్ తొక్కాడు. మొదటి కాపీ వచ్చింది. నడుమ తెల్లటి పట్టీ. మనిషిని రెండోసారి పూడ్చినట్టుంది. సిగ్గుతో దాని మీద వేలు పెట్టాడు. ఏదో తగిలింది. సీసం అక్షరాలు కప్పు కింద నిలబడే ఉన్నాయి కదా, కాగితాన్ని సన్నగా నొక్కాయి.

ఇంకా లోతుగా దిగాలి, అనుకున్నాడు నూరుద్దీన్. కాగితం వెనక ఇంకో రెండు అట్టలు దూర్చాడు.

"ఏం జేస్తున్నవ్?"

"సిరా సక్కగ పడ్తలేదన్నా."

అక్షరం కాగితంలో దిగితే అది చెత్త అచ్చు. ఇట్లా కొడితే అతని బాపు చెంప పగలగొట్టేవాడు. నూరుద్దీన్ కసిగా తొక్కాడు.

కట్ట పూర్తవుతుండగా గోపమ్మ వచ్చింది. చదువు రాదు, కానీ ఖాళీ కనపడదా!

"నా పెనిమిటి ఏడి? నువ్వు గూడ అమ్ముడువోయినవా నూరన్నా? థూ!"

ఐలేశం కిసుక్కున నవ్వాడు. నూరుద్దీన్ తల ఎత్తలేదు. "లొల్లి వెట్టకు చెల్లె. ఆరిందో లేదో గా తెల్ల జాగల వేలు వెట్టి సూడు."

"సిరనే లేనికాడ ఆరుడేంది?" అంటూనే వేలు పెట్టింది. వేలు కదిలింది, ఆగింది. మరుక్షణం ఇంకా గట్టిగా తిట్లు అందుకుంది. "నీ ప్రెస్సు మీద మన్నువడ! నీ ట్రెడిల్ ఇరగ!" తిడుతూనే కట్ట ఎత్తుకుంది.

"ఆగు," అన్నాడు ఐలేశం. ఒక కాపీ లాగి పట్టీ మీద బొటనవేలు రుద్దాడు. "గరుకుగుందేంది?"

నూరుద్దీన్ చేతుల సిరా గుడ్డకు తుడుచుకున్నాడు. "సస్తా కాగితమన్నా. పేదోళ్లకు గదే దొరుకుతది."

"గంతేలే," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం నూరుద్దీన్ ఇంట్లో నిలవలేక బస్సెక్కి గేటు దగ్గరికి పోయాడు. కూలీలు దిగుతున్నారు, వేళ్ల సందుల్లో కూడా బూడిదరంగు దుమ్ము. గోపమ్మ తలా ఒకటి ఇస్తోంది.

"గీడేం తీసేసిండ్రు?" అంటూ బీరన్నతో జంటగా పనిచేసిన పర్వతాలు తెల్ల పట్టీని బొటనవేలితో రుద్దాడు. దుమ్ము కాగితానికి అంటింది. దిగబడిన అక్షరాలు మాత్రం తెల్లగా మిగిలాయి. బీ. ర. న్న.

పక్కవాడు రుద్దాడు. వాడి పక్కవాడూ రుద్దాడు. గేటు కాడ ఎవడి చేతిలో చూసినా అదే పేరు. వాచ్‌మన్ ఈల ఊదుతున్నాడు, ఎవడూ కదలడం లేదు.

పర్వతాలు కాగితం నుంచి కళ్లు తీసి గోపమ్మను చూశాడు.

"నా పక్కనే ఉండె వదినా," అన్నాడు, గేటుకు వినపడేటట్టు. "రాయి దొర్లినప్పుడు నా పక్కనే ఉండె. యాడికి రమ్మన్నా వచ్చి చెప్త."