తెల్ల చుక్కల నత్త

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాననుకున్నాను.

మ్యూజియంలో గవ్వలూ నత్తలూ చూసే విభాగం నాది. మూడేళ్ళ కిందట సముద్రపు ఒడ్డున బండల సందుల్లోంచి నేనే ఏరుకొచ్చిన నత్తగుల్లలు, బియ్యపు గింజంతవి, పెట్టెలో పన్నెండుండాలి. సోమవారం చూస్తే పదకొండే ఉన్నాయి. పోయింది ఏదో కూడా తెలుసు, అంచు విరిగినది. నా పట్టకారు జారి విరిగింది.

తీసింది 'పిల్లి' అని వెంటనే తేల్చేశాను. పక్క బల్ల దగ్గర పనిచేసే అతనికి నేను పెట్టుకున్న పేరది. వచ్చినా పోయినా అడుగుల చప్పుడుండదు. అలాంటి మనుషులంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు.

అతని కడుపుమంటకి కారణముంది. తెచ్చిన రోజు తీరిక లేక ఆ గుల్లల్ని పెట్టెలో పడేశాను. నిరుడు తీసి మైక్రోస్కోపు కింద పెడితే ఒంటినిండా గరుకైన తెల్ల చుక్కలు! దీనికి దగ్గరి జాతి గుల్ల నున్నగా ఉంటుంది. అంటే ఇది కొత్త జాతి, పేరు పెట్టే హక్కు నాది. మా మామయ్య పేరు పెడుతున్నాను. నాన్న పోయాక వడ్రంగం చేసి నన్ను చదివించింది ఆయనే. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఈ చెక్కపెట్టె చేసిచ్చిందీ ఆయనే. "నా పేరు మీద నత్త వస్తోంది" అని ఇప్పటికే వీధి వీధంతా చాటేశాడు. శుక్రవారం వ్యాసం పంపాలి.

పోయిన నెల పిల్లి, "ఆ పెట్టె వద్దు మేడమ్, గాజు గొట్టాల్లోకి మార్చండి" అన్నాడు. "నా పెట్టె మీద మీకెందుకండీ ఏడుపు?" అని కరిచాను.

సోమవారమే పై అధికారికి ఫిర్యాదు రాసి సంచిలో పెట్టుకున్నాను. పెట్టె మూత మీద నా తలవెంట్రుక ఒకటి అడ్డంగా అంటించాను. బుధవారం భోజనం సగంలో లేచి వచ్చేసరికి పిల్లి మూత తెరిచి నిలబడి ఉన్నాడు.

"దొరికారు!" అన్నాను.

"తిరిగి పెడదామనే తెరిచాను" అంటూ గాజు గొట్టం అందించాడు. అందులో అంచు విరిగిన గుల్ల. మైక్రోస్కోపు కింద పెట్టాను. చుక్కలు లేవు.

"మార్చేశారు!"

"అంచు చూడండి మేడమ్. అది మీ చేతి విరుపేగా?"

నాదే. "చుక్కలేం చేశారు?"

"చెబితే మీరు వినలేదని, విరిగినదాన్నే తీసి నీళ్ళలో ముంచాను."

"ఎండబెట్టిన గుల్లని నీళ్ళలోనా? మనం తడి తగలనివ్వం కదా!"

"అందుకే ఇన్నాళ్ళూ మీకు తెలియలేదు. సముద్రంలో బతికే నత్త మేడమ్ ఇది. నీళ్ళకి కరిగిపోయే చుక్కలు దానికెలా ఉంటాయి?"

నమ్మలేదు. ఇంకో గుల్లని నా చేత్తోనే ముంచాను. చుక్కలు కరిగిపోయాయి. కింద నున్నటి గుల్ల, అక్కడక్కడా తిన్నట్టు గుంటలు. చెక్కలోంచి వచ్చే పులుపు ఆవిరి గుల్లని తినేస్తుంది, తిన్నచోట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. ఇది నేనే ఇద్దరు కొత్తవాళ్ళకి నేర్పిన పాఠం. కనపడ్డ ప్రతి మనిషినీ అనుమానించాను గానీ, మామయ్య పెట్టెని అనుమానించాలని తోచనే లేదు.

ఫిర్యాదు తీసి అతని ఎదుటే చింపేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"అందులో నా పేరు రాశారా, పిల్లి అని రాశారా?" అన్నాడు.

వీడికిదీ తెలుసన్నమాట. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మామయ్యకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"పంపించేశావా తల్లీ?"

"లేదు మామయ్యా. అది కొత్త నత్త కాదు." పెట్టె సంగతి దాచేద్దామనుకున్నాను గానీ, ఆయన దగ్గర దాచడం చేతకాలేదు. మొత్తం చెప్పేశాను.

"నువ్వు చేరే రోజుకి అందాలని పచ్చి చెక్కతోనే చేశాను" అన్నాడు. "మిగతావి ఎక్కడున్నాయి?"

"ఇంకా పెట్టెలోనే."

"అయితే ఫోన్ పెట్టేసి ముందు వాటిని బయటికి తియ్యి. వీధిలో వాళ్ళకి నేను చెప్పుకుంటాలే."