రాయనన్న కార్యదర్శి

ధర్మారావు భీమిలి నుంచి సెలూర దీవికి ఇంగ్లీషు మాస్టారుగా వెళ్లి, ఆ చిన్న రాజ్యాన్ని ఏలే తేమన్ రాజుకు కార్యదర్శి అయ్యాడు. సైన్యం తిరగబడి రాజును విమానం ఎక్కించిన రోజున, "నువ్వు ఉండిపోవచ్చు" అని అధికారి చెప్పినా వినలేదు. భార్య కృష్ణవేణి చెయ్యి పట్టుకుని రాజు వెనకే మెట్లెక్కాడు.

అప్పటినుంచీ వాళ్లుండేది అమెరికాలో, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో. ధర్మారావు పగలు ఒక హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తాడు. సాయంత్రం పక్క వీధిలో ఒంటరిగా ఉండే రాజు దగ్గర కూర్చుని ఆయన చెప్పిన ఉత్తరాలు రాస్తాడు.

మొన్న చలికాలంలో సెలూర ప్రభుత్వం పంపిన దూత వచ్చాడు. ఇష్టపూర్వకంగానే గద్దె దిగానని రాసిస్తే రాజు దీవికి తిరిగి రావచ్చన్నాడు. రాజుకు కిడ్నీలు పాడయ్యాయి. ఒక్కసారి తన సముద్రం చూడాలని ఉంది.

"రాయి ధర్మా," అన్నాడు.

"రాయను ప్రభూ."

"ఇది నా ఆజ్ఞ."

"మీ వీపుకు తుపాకీ ఆనించి నెట్టడం నేను చూశాను. అడ్డొచ్చిన తోటమాలి హాలిన్‌ని మన కళ్ల ముందే కాల్చారు. మీరే దిగిపోయారని అతని భార్యకు ఎవరు చెబుతారు?"

రాజు ముఖం ఎర్రబడింది. "ఇవాళ్టితో నీకు కొలువు లేదు. వెళ్లు."

ఇంట్లో సంగతి విని కృష్ణవేణి విసుక్కుంది. "సైన్ చేసి ఆయన హ్యాపీగా వెళ్లిపోతారు కదండీ. మధ్యలో మీకెందుకు పట్టుదల?"

"వెళ్లనీ. నా చేత్తో మాత్రం ఆ అబద్ధం రాయను."

"మరి రేపు డయాలిసిస్‌కి ఎవరు డ్రైవ్ చేస్తారు?"

"నేనే."

పొద్దున్నే ధర్మారావు కారుతో రాజు ఇంటి వాకిట్లో నిలబడ్డాడు. "నిన్ను తీసేశాను," అన్నాడు రాజు.

"తెలుసు ప్రభూ. ఎక్కండి, లేటవుతోంది."

డయాలిసిస్ సెంటర్ ముందు దూత కాగితం టైపు చేయించి తెచ్చి నిలబడి ఉన్నాడు. రాజు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు.

"ఇందులో హాలిన్ లేడే," అన్నాడు.

"తోటమాలి విషయం నా చేతిలో లేదు."

"ఈ సంతకమూ నా చేతిలో లేదు." కాగితం వెనక్కిచ్చి, ధర్మారావు భుజం ఊతంగా పట్టుకుని లోపలికి నడిచాడు రాజు.

ఏప్రిల్‌లో రాజు పోయాడు. వర్జీనియాలోనే సమాధి చేశారు. రాతి మీద 'మాజీ రాజు' అని చెక్కించడం మర్యాదగా ఉంటుందని దూత ఫోన్ చేశాడు. ధర్మారావు 'సెలూర రాజు' అని చెక్కించాడు.